ఐస్‌క్రీమ్ పై ఎక్కడ పుట్టింది? ఇంట్లో చేస్తే ఎందుకు జారిపోతుంది?

మీరు అడిగినవి రెండు. ఐస్‌క్రీమ్ పై (pie), అంటే బిస్కెట్ పొడి అడుగు మీద ఐస్‌క్రీమ్ పరిచి గడ్డకట్టించే తీపి వంటకం, ఎప్పటిది, ఎవరు మొదలుపెట్టారన్నది ఒకటి. మీరు చేసింది కోసేసరికి కింది బిస్కెట్ అడుగు పళ్లేనికి అతుక్కుపోయి, పైన ఐస్‌క్రీమ్ పాయసంలా ఎందుకు జారిందన్నది రెండోది. రెండోదాంట్లో నాకు అనుభవం ఎక్కువ. కాబట్టి ముందు నా పరువు పోయిన కథ చెబుతాను.

మేం ఉండేది అమెరికాలో, ఒమాహాలో. నాలుగేళ్ల కిందట జులై 4న తెలుగువాళ్లం కొందరం పార్కులో కలిశాం. అందరూ పులిహోర, గారెలు, బిర్యానీ తెస్తుంటే నేను కాస్త గొప్పకి పోయి ఐస్‌క్రీమ్ పై చేశాను. అరగంట ప్రయాణం. కూలర్ పెట్టె నిండా ఐసు ముక్కలు పోసి, పళ్లెం వాటి మీద పెట్టాను, టెన్షన్ లేదనుకున్నాను. పార్కులో మూత తీసి కత్తి దింపితే అది కోయలేదు, మునిగింది. మా వదిన ఒకసారి తొంగి చూసి "మిల్క్‌షేక్ చేశావా?" అంది. పిల్లలు నిజంగానే స్ట్రాలు తెచ్చుకున్నారు.

తప్పు ఐసుదే. మామూలు ఐసు 0 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఐస్‌క్రీమ్‌లో చక్కెర ఉంటుంది కాబట్టి అది 0కి ఇంకా కిందికి వెళ్తే గాని గడ్డకట్టదు. అంటే కరుగుతున్న ఐసు మీద పెట్టిన ఐస్‌క్రీమ్ చల్లగా ఉంటుంది గాని గట్టిగా ఉండదు. మన కుల్ఫీ బండివాళ్లు ఐసులో ఉప్పు కలిపేది ఇందుకే. ఉప్పు కలిస్తే ఆ ఐసునీళ్లు 0 కంటే బాగా కిందికి దిగుతాయి. చిన్నప్పటినుంచి చూస్తున్నదే, ఆ రోజు బుర్రకి తట్టలేదు.

ఇక చరిత్ర. దీన్ని ఫలానా ఆయన ఫలానా రోజున కనిపెట్టాడని చెప్పడానికి లేదు. అయితే ఐస్‌క్రీమ్‌ని పిండివంటతో జతచేసే సరదా మాత్రం పాతది. థామస్ జెఫర్సన్ అమెరికా అధ్యక్షుడిగా ఉండగా, 1802లో ఆయన ఇంట్లో భోంచేసిన ఇద్దరు కాంగ్రెస్ సభ్యులు దీని గురించి రాసి పెట్టారు. శామ్యూల్ మిచిల్ అనే ఆయనకి, వేడివేడి పిండి తొడుగులో ఐస్‌క్రీమ్ ఉండలు వడ్డించడం వింతగా తోచింది. మనాసే కట్లర్ అనే ఇంకో ఆయన ఐస్‌క్రీమ్ బాగుందంటూనే, దాని పొర బాగా ఎండి రేకులు రేకులుగా విరిగిందని రాశాడు. రెండు వందల ఏళ్ల కిందటే అడుగు గురించి రాశారంటే, మీరూ నేనూ పడే బాధ కొత్తది కాదన్నమాట.

తర్వాత బేక్‌డ్ అలాస్కా వచ్చింది. కేకు మీద ఐస్‌క్రీమ్, దాని మీద గిలక్కొట్టిన గుడ్డు తెల్లసొన, మొత్తం ఓవెన్‌లోకి. నురగలోని గాలి వేడిని లోపలికి పోనివ్వదు కాబట్టి ఐస్‌క్రీమ్ నిలుస్తుంది. ఆ పేరుని 1867లో రష్యా నుంచి అలాస్కాని కొన్న ముచ్చటతో ముడిపెడతారు. న్యూయార్క్ డెల్మోనికోస్ హోటల్ వంటాయన చార్లెస్ రాన్‌హోఫర్ 1894లో వేసిన వంటల పుస్తకంలో అది 'అలాస్కా, ఫ్లోరిడా' అన్న పేరుతో ఉంది. న్యూ ఆర్లీన్స్‌లో పాంచర్‌ట్రైన్ హోటల్ వాళ్ల 'మైల్ హై పై' కూడా ఆ కోవలోదే: పై తొడుగులో రంగురంగుల ఐస్‌క్రీమ్ పొరలు, పైన తెల్లసొన నురగ, చాక్లెట్ సాస్.

పేరులో పై ఉన్నా పై కానిది ఒకటుంది, ఎస్కిమో పై, అంటే చాక్లెట్ తొడుగు వేసిన ఐస్‌క్రీమ్ ముక్క. ఇది నాకు ఇష్టమైన కథ, ఎందుకంటే మా ఊరికి ఉత్తరాన గంట ప్రయాణంలో ఉన్న ఒనావా అనే చిన్న ఊళ్లో జరిగింది. 1920లో అక్కడ క్రిస్టియన్ నెల్సన్ అనే మాస్టారు మిఠాయి కొట్టు కూడా నడిపేవాడు. ఒక పిల్లాడు వచ్చి ఐస్‌క్రీమ్ కొనాలా, చాక్లెట్ కొనాలా అని తేల్చుకోలేక ఊగిసలాడాడట, రెండిటికీ డబ్బు చాలదు. ఐస్‌క్రీమ్‌కి చాక్లెట్ అంటుకునేలా చేయడం ఎలాగా అని నెల్సన్ తంటాలు పడి, చివరికి కోకో బటర్‌తో సాధించాడు. 1922 జనవరిలో పేటెంట్ వచ్చింది గాని తర్వాత కోర్టులో నిలవలేదు. ఎస్కిమో అన్న మాట ఉత్తర ధ్రువ ప్రాంతపు మూలవాసులని కించపరుస్తుందని 2021లో పేరు కూడా మార్చి ఈడీస్ పై చేశారు.

మనం ఇవాళ ఇంట్లో చేసుకునే రకం, అంటే బిస్కెట్ పొడి అడుగు మీద ఐస్‌క్రీమ్ పరిచి గడ్డకట్టించేది, ఫ్రీజర్ ఇంటింటికీ వచ్చాక గాని కుదిరేది కాదు. పాత ఫ్రిజ్‌లలో పైన చిన్న ఐసు అర తప్ప ఉండేది కాదు. అమెరికాలో రెండో ప్రపంచయుద్ధం తర్వాతే మంచి ఫ్రీజర్లు మామూలు ఇళ్లకి చేరాయి. ఆ అడుక్కి వాడే గ్రాహం క్రాకర్ల పేరు సిల్వెస్టర్ గ్రాహం అనే 19వ శతాబ్దపు మతబోధకుడిది. ముడి గోధుమపిండి తినండి, రుచులకి బానిసలు కాకండి అని ఊరూరా చెప్పినాయన. ఇప్పుడు ఆయన పేరుతో ఉన్న బిస్కెట్లని వెన్నలో, చక్కెరలో కలిపి ఐస్‌క్రీమ్ కింద పరుస్తున్నాం.

చేయడం నాకు నేర్పింది మా పక్కింటి పెద్దావిడ. పార్కు కథ విని నవ్వి, మర్నాడే వాళ్ల వంటింట్లోకి పిలిచింది. 9 అంగుళాల పై పళ్లేనికి ఒకటిన్నర కప్పుల బిస్కెట్ పొడి, 85 గ్రాముల కరిగించిన వెన్న, రెండు మూడు చెంచాల చక్కెర. ఇండియాలో అయితే డైజెస్టివ్ బిస్కెట్లు సరిపోతాయి. మేరీ బిస్కెట్ పొడిగా ఉంటుంది, ఇంకో చెంచా వెన్న పడుతుంది. గుప్పెట్లో పట్టి నొక్కితే సున్నుండలా నిలవాలి, వేలికి వెన్న కారకూడదు. మీ అడుగు అతుక్కుపోయిందంటే బహుశా వెన్న ఎక్కువైంది. ఎక్కువైన వెన్న పళ్లెంలోకి దిగి, ఫ్రీజర్‌లో రాయిలా బిగుసుకుంటుంది.

పొడిని చేత్తో కాదు, చదునైన అడుగున్న స్టీల్ గ్లాసుతో నొక్కండి. పళ్లెం అడుగు, అంచు కలిసే మూల చూడండి, పొడి అంతా అక్కడే పోగవుతుంది. అక్కడ మందంగా ఉంటే ఫ్రీజర్ నుంచి తీశాక కత్తి దిగదు. గ్లాసు అంచుతో ఆ మూల చుట్టూ ఒకసారి తిప్పితే సమంగా సర్దుకుంటుంది. తర్వాత 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర 8 నుంచి 10 నిమిషాలు ఓవెన్‌లో పెట్టాలి. ఓవెన్ లేకపోతే గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టినా నడుస్తుంది, కాస్త పొడిపొడిగా రాలుతుంది అంతే. ఓవెన్‌లో పెడితే మాత్రం పూర్తిగా చల్లారాక ఫ్రీజర్‌లో ఓ అరగంట ఉంచి, ఆ తర్వాతే ఐస్‌క్రీమ్ వేయాలి. గోరువెచ్చని అడుగు మీద వేస్తే కింది పొర కరిగి బిస్కెట్‌లోకి ఇంకిపోతుంది.

ఒక లీటరు ఐస్‌క్రీమ్ చాలు. డబ్బా మీద ఫ్రోజెన్ డిజర్ట్ అని కాకుండా ఐస్‌క్రీమ్ అనే ఉందా చూసి కొనండి. ఇండియాలో మొదటిదాంట్లో పాలకొవ్వు బదులు మొక్కల నూనెల కొవ్వు ఉంటుంది, నాలిక మీద పొర కట్టినట్టు ఉంటుంది. డబ్బాని బయట కాదు, ఫ్రిజ్ కింది అరలో 20, 30 నిమిషాలు ఉంచాలి. ఎంత మెత్తబడాలన్నదానికి ఆవిడ లెక్క ఒకటుంది: చెంచా గుచ్చితే నిలబడి, మెల్లగా ఒక పక్కకి వాలాలి. గుచ్చగానే పడిపోతే ఆలస్యమైపోయినట్టే. పూర్తిగా కరిగినదాన్ని ఇంటి ఫ్రీజర్‌లో మళ్లీ గడ్డకట్టిస్తే లోపలి గాలి పోయి, పెద్ద పెద్ద ఐసు పలుకులు ఏర్పడతాయి. తింటే పంటికింద కరకరమంటుంది.

పరిచాక ప్లాస్టిక్ పొర ఐస్‌క్రీమ్‌కి అంటేలా కప్పి రాత్రంతా వదిలేయండి. నాలుగు గంటలు చాలంటారు గాని నేను నమ్మను. పైన చాక్లెట్ కావాలంటే 170 గ్రాముల చాక్లెట్‌కి రెండు పెద్ద చెంచాల కొబ్బరినూనె కలిపి కరిగించి, చల్లారాక పోయండి, క్షణాల్లో పెంకులా బిగుసుకుంటుంది. చలికాలంలో సీసాలో పేరుకుపోయే కొబ్బరినూనె చూశారుగా, అదే పని ఇక్కడా చేస్తుంది. తలకి రాసుకునేది కాదు, వంటకి వాడేది తీసుకోండి.

కోసేముందు వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు మీద పళ్లేన్ని అర నిమిషం ఉంచితే అడుగు వదులుతుంది. కత్తిని వేడినీళ్లలో ముంచి, తుడిచి, ప్రతి ముక్కకీ మళ్లీ ముంచండి. మొదటి ముక్క ఎలాగూ సరిగ్గా రాదు, మా ఇంట్లో అది నా వాటా. బయటికి తీసుకెళ్లాల్సి వస్తే డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ వాడండి. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు, ఆ వాయువు లోపల పోగవకుండా కారు అద్దం కొద్దిగా దించి ఉంచండి.