చూపు పోగొట్టింది విటమిన్ లోపం కాదు, కలగలుపు మందు

ప్రశ్న: నాకు 60 గొర్రెలు ఉన్నాయి. పన్నెండు రోజుల క్రితం మందుల దుకాణంలో నట్టల (కడుపు పురుగుల) మందులైన క్లోసాంటెల్ ద్రావణం, దంచిన ఆల్బెండజోల్ మాత్రలు, ఐవర్‌మెక్టిన్, వాటితో ఏదో టానిక్ ఒకే డబ్బాలో కలిపి ఇచ్చారు. పెద్దవీ చిన్నవీ అనకుండా ఒక్కోదానికి 10 మి.లీ. తాగించాను. వారం తరువాత ఏడు గొర్రెలకు చూపు పోయింది. దొడ్డి కంచెకు గుద్దుకుంటున్నాయి. వాటిలో రెండు వెనక కాళ్లు ఈడుస్తున్నాయి. ఎక్కువగా సన్నగా ఉన్నవే, చివర్లో తాగించినవే ఇలా అయ్యాయి. విటమిన్-ఎ లోపమని ఇంజెక్షన్లు వేయించాను, గుణం లేదు. 21వ రోజున అదే మందు మళ్లీ తాగించమంటున్నారు. తాగించవచ్చా?
– ఒక రైతు, వనపర్తి జిల్లా

జవాబు: తాగించవద్దు. ఆ మందు ఒక్క చుక్క కూడా మళ్లీ మందలోకి వెళ్లకూడదు.

మీరు అనుకుంటున్నది విటమిన్-ఎ లోపం కాదు. ఆ లోపంలో గొర్రెలు ముందు మసక చీకట్లో తడబడతాయి, పగలు బాగానే మేస్తాయి. నెలల తరబడి పచ్చిమేత దొరకని మందలో మెల్లగా వచ్చే జబ్బు అది, మందు తాగిన వారానికి ఊడిపడదు. కండ్లకలక అయితే నీరు కారి, కంటిపై తెల్లపొర కమ్మాలి. ఈ రాత్రి టార్చిలైటు కంట్లోకి వేసి చూడండి. కన్ను తేటగా ఉండి, కనుపాప పెద్దదై, వెలుతురు పడినా ముడుచుకోకపోతే నా అనుమానం నిజమే. క్లోసాంటెల్ మోతాదు మించి కంటి నరం దెబ్బతింది. వెనక కాళ్ల బలహీనత కూడా దాని లక్షణమే.

గొర్రెకు ఈ మందు కిలో బరువుకు 10 మి.గ్రా. మాత్రమే. 30 కిలోల గొర్రెకు 300 మి.గ్రా. చాలు. 15 శాతం ద్రావణమైతే 2 మి.లీ., 5 శాతానిదైతే 6 మి.లీ. మీ డబ్బాలోని 10 మి.లీ.లో ఎంత ఉందో కలిపిన మనిషికి కూడా తెలియదు. పైగా 18 కిలోల బక్క గొర్రెకూ, 35 కిలోల పొట్టేలుకూ ఒకే కొలత! క్లోసాంటెల్ రక్తంలోని ప్రొటీన్‌ను పట్టుకొని వారాల తరబడి ఒంట్లో ఉంటుంది. నట్టలతో రక్తం తగ్గిన బక్క జీవాల్లో ఆ ప్రొటీనే తక్కువ, అందుకే వాటికి ముప్పు ఎక్కువ. 21 రోజులకే మళ్లీ పోస్తే పాతదాని మీద కొత్తది పేరుకుంటుంది.

చివర్లో తాగించినవే ఎందుకు దెబ్బతిన్నాయంటారా? దంచిన మాత్రలు నీళ్లలో కరగవు. అలా కలగలిపితే క్లోసాంటెల్ కూడా విడిపోయి వాటితోపాటు అడుగుకు దిగవచ్చు. ప్రతిసారీ కుదపకపోతే ముందు గొర్రెలకు పైతేట, వెనక గొర్రెలకు మడ్డి. రెండు వైపులా నష్టమే: ముందువాటికి నట్టలు కూడా చచ్చి ఉండవు.

దీనికి విరుగుడు మందు లేదు. పోయిన చూపు చాలావరకు తిరిగి రాదు, ఆశ పెట్టి మీ డబ్బు ఖర్చు చేయించలేను. ఆ ఏడింటినీ మందతో తోలకుండా నీడలో కట్టి, మేత, నీళ్లు నోటికి అందేలా పెట్టండి. తల వెనక్కి విరుస్తున్న గొర్రె ఉంటే అది వేరే జబ్బు కావచ్చు. పశువైద్యుడు కిలోకు 10 మి.గ్రా. థయమిన్ (విటమిన్ బి-1) వేసి చూస్తారు. 1962కు ఫోన్ చేస్తే సంచార వైద్యశాల వాహనం వస్తుంది. మందు తాగిన ఏ గొర్రెనూ రెండు నెలల వరకు మాంసానికి అమ్మవద్దు.

ఇక దుకాణం సంగతి. మందులు కలపడమే తప్పని నేను అనను. చిన్న కుక్కపిల్లకు సరిపడే మోతాదు మాత్రల్లో దొరకనప్పుడు వైద్యుడు రాసిస్తే ఫార్మసిస్టు దాన్ని సిరప్‌గా చేసి ఇవ్వడం పద్ధతి ఉన్న పనే. అక్కడ కూడా తీపికి జైలిటాల్ పడితే కుక్క ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి అది తెలిసినవాడు చేయవలసిన పని. సీసా మీద మందు పేరు, మి.లీ.కి ఎన్ని మి.గ్రా., ఏ జీవానికి, తయారైన తేదీ ఉండాలి. మీ డబ్బా మీద ఏముంది? నట్టలకు ఒకటి, కార్జపు (కాలేయపు) జలగలకు ఒకటి, బలానికి ఒకటి కలిపితే బేరం పెరుగుతుంది, వైద్యం కాదు.

అసలు మీ మందలో ఏ నట్టలున్నాయో చూశారా? క్లోసాంటెల్ రక్తం పీల్చే నట్టలు, కార్జపు జలగలు, ముక్కు పురుగుల మీద పనిచేస్తుంది, బద్దె పురుగుల మీద చేయదు. పది గొర్రెల తాజా పేడను విడివిడిగా కవర్లలో వేసి, పేరో గుర్తో రాసి, అదే రోజు పశువైద్యశాలకు పంపండి. నట్టల నివారణ మందు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే కార్యక్రమాలూ ఉన్నాయి, ఎప్పుడో అక్కడే అడగండి. ఈసారి స్ప్రింగు త్రాసుతో తూచి, బరువుల వారీగా మూడు గుంపులు చేసి, గుంపులోని పెద్దదాని బరువును బట్టి మోతాదు కట్టండి. గొర్రె తల మరీ పైకెత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చూలు మొదటి నెలలో ఉన్న గొర్రెలకు ఆల్బెండజోల్ వద్దు.

మిగిలిన డబ్బాను కడగవద్దు, దుకాణానికి తిరిగి ఇవ్వవద్దు. మూత బిగించి పశువైద్యాధికారికి అందించండి. గొర్రె చనిపోతే అదే రోజు శవపరీక్ష చేయించి, కళ్లు, మెదడు పది శాతం ఫార్మలిన్‌లో పెట్టించి ప్రయోగశాలకు పంపమని అడగండి.