మెలితిరిగిన కాంతిని విడదీయడానికి ఫోర్క్ హోలోగ్రామ్ చాలదా, సార్టర్ కట్టుకోవాలా?

కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం, అంటే కాంతి తరంగం తన అక్షం చుట్టూ మెలితిరగడం వల్ల వచ్చేది, వేరువేరుగా ఉన్న ఫోటాన్లను గుర్తించడానికి మీ దగ్గరున్న ఫోర్క్ హోలోగ్రామ్ (ఫోర్కులా చీలిన గీతలున్న తెర) సరిపోతుందా అని అడిగారు. ఎన్ని మెలికలున్నాయో చెప్పే పూర్ణసంఖ్యే ఎల్; ఒక్కో ఎల్ విలువ ఒక్కో మోడ్. ఒకే ఒక్క ఎల్ విలువను పసిగట్టాలంటే సరిపోతుంది. క్వాంటం సమాచారం పంపాలంటే సరిపోదు; ఫోటాన్లను పారేయకుండా ఎల్ ప్రకారం వేర్వేరు చోట్లకు చేర్చే సార్టర్ కావాలి.

ఆ హోలోగ్రామ్ వచ్చిన ప్రతి ఫోటాన్‌నూ ‘నువ్వు మూడో నంబరువేనా?’ అని అడుగుతుంది. కాకపోతే ఆ ఫోటాన్ పోయినట్టే. పది మోడ్‌లు సమానంగా వస్తుంటే పదింట తొమ్మిది వృథా. నేను మొదటి ఏడాదంతా హోలోగ్రామ్‌లు మార్చుకుంటూ ఇలాగే కొలిచాను. పదో మోడ్‌కు వచ్చేసరికి లేజర్ కాస్త జరిగి, మొదటి కొలతలతో పోల్చడానికి వీలుండేది కాదు.

2002లో గ్లాస్గో బృందం దీనికి చక్కని దారి చూపింది. కాంతిని రెండు దారులుగా (చేతులుగా) చీల్చి మళ్లీ కలిపే వ్యతికరణమాపకంలో, ఒక్కో చేతిలో ఒక్కో డవ్ పట్టకాన్ని (ప్రతిబింబాన్ని తిప్పే గాజు పట్టకం) 90 డిగ్రీల తేడాతో పెడితే, ఒక చేతిలోని కాంతి రెండోదానితో పోలిస్తే 180 డిగ్రీలు తిరుగుతుంది. దానివల్ల సరి ఎల్ ఉన్న తరంగం మారదు, బేసి ఎల్ ఉన్న తరంగం ప్లస్ నుంచి మైనస్‌కు తిరగబడుతుంది. అందుకే సరి ఒక ద్వారంలో, బేసి మరో ద్వారంలో బయటికొస్తాయి. ఎంతో అందమైన ఆలోచన! కానీ ఎనిమిది మోడ్‌లకు ఏడు వ్యతికరణమాపకాలు కావాలి. నేను ఒక్కదాన్ని స్థిరంగా నిలపడానికే చాలా కష్టపడ్డాను.

అందుకే మీకు 2010లో వచ్చిన లాగ్-పోలార్ సార్టర్‌ను సూచిస్తాను. అది వలయంలాంటి కాంతిని విప్పి గీతగా పరుస్తుంది. వలయం చుట్టూ తిరిగే తరంగ దశ ఇప్పుడు గీత పొడవునా వాలుగా మారుతుంది. ఒక్కో వాలును కటకం ఒక్కో చోట చుక్కగా కూడగడుతుంది. మొదటి ప్రయోగంలోనే మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా 11 స్థితులను విడదీశారు.

నాకు మూడో నంబరు కాంతి రెండు, నాలుగు స్థానాల్లోనూ కనిపించేది. కాంతిని అలా విప్పే ఫేజ్ మాస్క్ (చోటును బట్టి దశను మార్చే నమూనా) తప్పనుకుని వారాల తరబడి లెక్కలు తిరగేశాను. అసలు తప్పు అక్షానిది: కాంతిపుంజం మాస్క్ నడిమధ్యన పడటం లేదు. మాస్క్ కేంద్రాన్ని ఎస్‌ఎల్‌ఎం (మాస్క్‌ను చూపే, కాంతి దశను మార్చే పిక్సెల్ తెర) మీద ఒక్కో పిక్సెల్ జరుపుతూ పక్క స్థానాల వెలుగు తగ్గేచోట ఆపండి. అప్పటికీ తగ్గకపోతే పుంజం మాస్క్ మీద ఏటవాలుగా పడుతోందేమో చూడండి.

అయినా కొంత పొరుగుకు ఒలుకుతూనే ఉంటుంది. గీత పొడవు పరిమితం కాబట్టి చుక్కలు కొద్దిగా ఒకదానిపై ఒకటి పడతాయి, అది మీ అమరిక లోపం కాదు. 2013లో పుంజం నకళ్లను పక్కపక్కన పేర్చి, విడదీత సామర్థ్యాన్ని 92 శాతం దాటించారు. ముందు మామూలు లేజర్‌తో కెమెరా మీద చుక్కలు చూసుకున్నాకే ఒంటరి ఫోటాన్లు పంపండి.