కంప్లైంట్ ఇచ్చి వచ్చిన నీకు, పెద్దమ్మ రాస్తున్న ఉత్తరం

అమ్మలూ,

నిన్న స్టేషన్‌కి వెళ్ళి, కొడుతున్నాడని మీ ఆయన మీద కంప్లైంట్ ఇచ్చావని మీ అక్క చెప్పింది. మంచి పని చేశావు తల్లీ. హమ్మయ్య అనుకుని పడుకోవాలనిపిస్తుంది, నాకు తెలుసు, కానీ ఇప్పటి నుంచి కొన్ని వారాలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కొట్టేవాడికి మనిషి చెయ్యి దాటిపోతోందని తెలిసిన రోజులే అన్నిటికన్నా ప్రమాదం.

ముందు ఒకటి అడుగుతాను, సిగ్గుపడకుండా చెప్పు. ఎప్పుడైనా గొంతు పట్టుకున్నాడా? పైకి మచ్చ లేకపోయినా సరే, గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టంగా ఉన్నా ఇవాళే డాక్టర్ దగ్గరికి వెళ్ళు, లోపలి దెబ్బ ఆలస్యంగా బయటపడొచ్చు. కంప్లైంట్‌లో ఆ మాట లేకపోతే మళ్ళీ వెళ్ళి రాయించు. గొంతు నులిమినవాడు తర్వాత చంపేదాకా వెళ్ళే అవకాశం సుమారు 7 రెట్లు ఎక్కువని 2008లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. నిన్ను భయపెట్టడానికి కాదు, పోలీసులు కూడా దీన్ని చిన్న గొడవగా తీసిపారేయకూడదని చెబుతున్నాను.

ఫోన్ సంగతి. నేను మా ఆయన్ని వదిలి బయటికొచ్చిన రోజు స్నేహితురాలి ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నాను, గంట తిరక్కుండా కింద అతని బండి ఆగింది. ఎవరు చెప్పారా అని అందరినీ అనుమానించాను. తీరా చూస్తే పిల్లవాడి ట్యాబ్ నా బ్యాగులోనే ఉంది, అది అతని అకౌంట్‌తోనే నడుస్తోంది! అందుకని లొకేషన్, మెయిల్, పాస్‌వర్డ్‌లు, పిల్లల పరికరాలు అన్నీ చూసుకో. కానీ ఒక్కసారిగా అన్నీ ఆపేస్తే మీ ఆయనకి అనుమానం వచ్చి రెచ్చిపోవచ్చు, కాబట్టి ముందు అతను ఎప్పుడూ ముట్టుకోని ఫోన్ ఒకటి సంపాదించి, హెల్ప్‌లైన్ వాళ్ళతో, లాయర్‌తో దాంట్లోనే మాట్లాడు.

కంప్లైంట్ కాపీ, నంబరు, కేసు చూస్తున్న ఆఫీసర్ పేరు దగ్గర పెట్టుకో. అతన్ని అరెస్టు చేస్తే, వదిలేసే ముందు నాకు చెబుతారా అని మొహమాటం లేకుండా అడుగు. కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు, అంటే అతను నీ జోలికి రాకూడదని ఇచ్చే ఆదేశం, ఎలా తెచ్చుకోవాలో లాయర్‌ని కనుక్కో, డబ్బు లేకపోతే ఉచిత న్యాయ సహాయం అడుగు. ఉత్తర్వు వచ్చాక అతను దాన్ని ఒక్కసారి మీరినా, అది ఉత్త మిస్డ్ కాల్ అయినా, తేదీ, టైము, అన్న మాట అన్న మాటగానే రాసిపెట్టి పోలీసులకు చెప్పు. మెసేజ్‌లు చూస్తే కడుపులో తిప్పినట్టుంటుంది, అయినా డిలీట్ చెయ్యకు.

అతను ఏడుస్తూ వస్తాడు, లేదా పెద్దమనుషుల్ని పంపిస్తాడు. చివరిసారి మాట్లాడుకుందాం రమ్మంటాడు. ఒంటరిగా వెళ్ళకు, వాళ్ళెవరైనా సరే. ఇంటికే వచ్చి అరవడం మొదలుపెడితే వంటగదిలోకి, బాత్రూంలోకి పోకు, బయటికి దారి ఉన్న వైపు ఉండు. పక్కింటి ఆవిడకి ఒక గుర్తు మాట చెప్పి ఉంచు, ఆ మాట వినగానే ఆవిడ పోలీసులకు ఫోన్ చెయ్యాలి. పిల్లలకి అడ్డం రావద్దని చెప్పు, పాపం వాళ్ళు అమ్మని కాపాడాలనే చూస్తారు. స్కూల్లో ఎవరొస్తే పంపాలో, ఎవరొస్తే పంపకూడదో రాసిచ్చి రా.

ఇంకో విషయం, ఇది ఎవరూ చెప్పరు. ఏదో ఒక రాత్రి అతని మంచి మాటలే గుర్తొచ్చి ఏడుపొస్తుంది. కేసు పెట్టి తప్పు చేశానా అనిపిస్తుంది. నాకూ వచ్చింది. ఆ రాత్రి అతనికి ఫోన్ చెయ్యకు, నాకు చెయ్యి, ఎన్నింటికైనా సరే. కౌన్సెలర్ దగ్గరికి మొదటిసారి వెళ్ళేటప్పుడు నేనూ వస్తాను, బయట కూర్చుంటాను.

రేపు కంప్లైంట్ కాపీ ఫోటో తీసి నాకొకటి పంపించు, ఆ కొత్త ఫోన్ నుంచే.

మీ పెద్దమ్మ