డాక్టర్ సలహా: నోట్లో తెల్ల మచ్చకు బి-కాంప్లెక్స్ మందు కాదు

ప్రశ్న: నా వయసు 44. 12 ఏళ్లుగా సున్నం కలిపిన పొగాకు కింది పెదవి లోపల పెట్టుకుంటున్నాను. సిగరెట్ అలవాటు లేదు. బీపీ మాత్ర వాడుతున్నాను. పళ్లకు గార బాగా పట్టింది. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయంటున్నారు, నిజమేనా? పొగాకు పెట్టే చోట రెండు నెలలుగా తెల్లగా ఉంది. నొప్పి లేదు, కారం తగిలితే మంట. బి-కాంప్లెక్స్ వేసుకుంటూ మందుల షాపులో ఇచ్చిన జెల్ రాస్తున్నాను. ఇప్పుడు పొగాకు రెండో వైపు పెడుతున్నాను.

జవాబు: గార సంగతి తర్వాత. ముందు ఆ తెల్ల మచ్చ చూపించుకోవాలి, ఈ వారంలోనే. నోట్లో పుండు గానీ మచ్చ గానీ రెండు వారాలు దాటి ఉంటే డాక్టర్ చూడాల్సిందే. మీరు రెండు నెలలు ఆగారు!

పొగాకు రోజూ ఒకే చోట ఆనుకుని ఉంటే అక్కడి పొర మందమై తెల్లబడుతుంది. అలవాటు మానేస్తే కొన్ని మచ్చలు కొద్ది వారాల్లో తగ్గిపోతాయి. కొన్ని ల్యూకోప్లేకియా కావచ్చు, అది క్యాన్సర్‌గా మారే అవకాశమున్న మచ్చ. కంటితో చూసి ఏది ఏదో ఖాయంగా చెప్పలేం, మీ ఉత్తరం చదివి అసలే చెప్పలేను. అద్దం ముందు, మంచి వెలుతురులో శుభ్రమైన దూదితో మెల్లగా తుడిచి చూడండి. తెలుపు ఊడి వస్తే ఫంగస్ కావచ్చు. రాకపోతే, మధ్యలో ఎరుపు కనిపిస్తే, వేలికి గట్టిగా తగిలితే, రక్తం వస్తే అనుమానం ఎక్కువ. ఊడి వచ్చినా చూపించుకోవడం మానకండి. నొప్పి లేదన్న ధైర్యం కూడా వద్దు, నోటి క్యాన్సర్ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు.

ఇక మీ సొంత వైద్యం. బి విటమిన్ లోపం వల్ల వచ్చే నోటి పూతకు బి-కాంప్లెక్స్ పనిచేస్తుంది, పొగాకు మచ్చకు కాదు. జెల్‌లో మొద్దుబార్చే మందుంటే మంట తెలియకుండా పోతుంది, జబ్బు అలాగే ఉంటుంది. స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తాత్కాలికంగా తగ్గి చూసే డాక్టర్‌నూ తప్పుదారి పట్టించవచ్చు, పైగా ఫంగస్ పెరగవచ్చు. బి-కాంప్లెక్స్, జెల్ రెండూ ఆపండి. అవసరమైతే డాక్టర్ మత్తు సూదితో ఆ చోటు మొద్దుబార్చి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయంతో వాయిదా వేసేవాళ్లున్నారు. అది అపోహ. వాయిదానే ప్రమాదం.

వైపు మార్చడం వల్ల ఒరిగిందేమీ లేదు, ఇప్పుడు రెండు చోట్లా పరీక్షించాలి. పొగ లేకపోయినా, పొగాకు ఆరబెట్టి మాగబెట్టేటప్పుడు ఏర్పడే నైట్రోసమైన్లనే రసాయనాలు నోటికి, అన్నవాహికకు, క్లోమానికి క్యాన్సర్ తెచ్చేవే. సున్నం వల్ల నికోటిన్ త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది, అందుకే ఈ అలవాటు అంత గట్టిగా పట్టుకుంటుంది. గుండె వేగాన్నీ బీపీనీ పెంచేది కూడా ఆ నికోటినే. మీరు మాత్ర వేసుకుంటున్నది ఆ బీపీకే కదా!

మానాక చిరాకు, నిద్రలేమి మొదటి 2-3 రోజులు బాగా వేధిస్తాయి, 2-4 వారాల్లో సద్దుమణుగుతాయి. ఆ బాధ తగ్గడానికి వాడే నికోటిన్ గమ్‌ను మామూలు చూయింగ్ గమ్‌లా నమలకూడదు. ఘాటు తగిలేదాకా మెల్లగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య ఆపి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. గబగబా నమిలి ఊట మింగితే ఎక్కిళ్లు, గొంతు మంట తప్పవు. అయినా మచ్చ ఉన్న నోటికి గమ్ కన్నా చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ నయమనుకుంటాను. మోతాదు మాత్రం మీ బీపీ చూసిన డాక్టరే నిర్ణయించాలి, మీరే కొనుక్కోకండి.

నోరు నిలువుగా మూడు వేళ్లు పట్టేంత తెరుచుకుంటోందా? మీరు రాయలేదు. అంతకన్నా తగ్గితే, వక్క అలవాటు కూడా ఉంటే, దాచకుండా చెప్పండి. మెడలో గడ్డ, చెవిపోటు, పన్ను ఉన్నట్టుండి కదలడం ఉన్నా అంతే.

క్లీనింగ్ వల్ల పళ్లు వదులు కావు. గార అడుగున చిగురు ముందే జారి ఉంటుంది, గార తీశాక అది బయటపడుతుంది. చేయించుకోండి, కానీ మచ్చ సంగతి తేలాక. డెంటిస్ట్ కుర్చీలో కూర్చోగానే గార కాదు, మచ్చ చూపించండి. వాడిన మాత్రల స్ట్రిప్పులు, ఆ జెల్ ట్యూబు వెంట తీసుకెళ్లండి.