కారు మీద గీత ఆయనకు చూపించండి

ప్రశ్న: మాది తిరుపతి. మా అబ్బాయికి పద్దెనిమిది నిండాయి, పోయిన నెలే కారు లైసెన్స్ వచ్చింది. వాళ్ల నాన్న పక్కన కూర్చుంటే క్లచ్ వదిలినా తిడతారు, వదలకపోయినా తిడతారు. ఇప్పుడు ఇద్దరూ కలిసి కారెక్కడమే మానేశారు. బెంగళూరులో రెండు రోజుల అడ్వాన్స్‌డ్ డ్రైవింగ్ కోర్సు ఉందట, 18 వేలు. ఆయనకు తెలియకుండా నా చీటీ డబ్బుల్లోంచి కట్టేద్దామనుకుంటున్నాను. మొన్న వాడు కారును గేటుకు గీసేస్తే, రాత్రి వాడు సెల్ లైట్ పట్టుకుంటే నేను టూత్‌పేస్ట్ రుద్ది కనపడకుండా చేశాను. పోయినేడాది లైసెన్స్ లేకుండానే మా కారు చంద్రగిరి దాకా నడిపాడు, అదీ ఆయనకు తెలియదు. ఆ కోర్సు మంచిదేనా? పంపమంటారా?

జవాబు: అమ్మా, కోర్సు సంగతి ముందే తేల్చేస్తాను. ఇప్పుడే వద్దు. సడన్‌గా బ్రేకు ఎలా వేయాలో, మలుపులో చూపు ఎక్కడ పెట్టాలో అలాంటిచోట బాగానే నేర్పుతారు. కానీ నెల క్రితం లైసెన్స్ తీసుకున్న పిల్లాడికి రెండు రోజుల్లో వచ్చేది నైపుణ్యం కంటే ధైర్యమే ఎక్కువ. నార్వేలో ఒకప్పుడు జారే రోడ్డు మీద బండిని అదుపు చేయడం కొత్త డ్రైవర్లందరికీ తప్పనిసరిగా నేర్పించారు. అలాంటి రోడ్ల మీద కుర్రాళ్ల ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి. ఏడాది పోనీయండి, అప్పుడు పంపినా తప్పులేదు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో మీ ఆయనకు దాచినవి మూడు ఉన్నాయి: చీటీ డబ్బు, గీత, చంద్రగిరి. కారు ఆయన పేరు మీదే ఉంటుంది కదా. 2019లో సవరించిన చట్టం ప్రకారం మైనరు బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకో, బండి ఓనరుకో 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. నాకు తెలియకుండా జరిగిందని ఆయనే రుజువు చేసుకోవాలి. తన ఇంట్లో జరిగింది తనకే తెలియదని నలుగురి ముందు చెప్పుకునే గతి ఆయనకు పట్టించబోయారు. అది ఎంత అవమానమో ఒక్కసారి ఆలోచించండి.

ఆ రాత్రి మీరు మోకాళ్ల మీద కూర్చుని పేస్ట్ రుద్దుతుంటే మీవాడు లైట్ పట్టుకుని ఏం నేర్చుకున్నాడు? తప్పు జరిగితే అమ్మ తుడిచేస్తుందని. ఇది కారుతో మొదలై ఉండదు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకాలు కూడా మీరే పెట్టి ఉంటారు. తండ్రీకొడుకుల మధ్య గొడవ రాకూడదనే చేశారు, నాకు అర్థమవుతోంది. మా అమ్మా అంతే. మా నాన్న అరిచే మనిషి. "మీ నాన్నకు నేను చెప్తాలే, నువ్వు లోపలికి పో" అనేది. ఆయన పోయేదాకా నేను ఆయనతో నేరుగా పది మాటలు మాట్లాడింది లేదు. ఆ బాధ ఈ వయసులో కూడా నన్ను వదల్లేదు.

రేపు అర్ధరాత్రి మీవాడు ఎక్కడో రోడ్డు మీద ఇరుక్కుంటే మీకే ఫోన్ చేస్తాడు. మీరు నాన్నకు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడతారు. ఆ పది నిమిషాల్లో ఒక ప్రాణం పోవచ్చు.

మీ ఆయనకూ ఒక మాట, ఇది ఆయనకు చదివి వినిపించండి. అయ్యా, మీ అరుపు వెనక ఉన్నది భయమని నాకు తెలుసు, మీ అబ్బాయికి తెలియదు. పక్క సీట్లో కూర్చోవడం మీ బాధ్యత, డబ్బు కట్టి ఇంకొకరికి అప్పజెప్పేది కాదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో పాతికేళ్లలోపు పిల్లలు మామూలుగా 120 గంటలు పెద్దల పక్కన నడిపి, లాగ్‌బుక్‌లో రాసి చూపిస్తేనే టెస్టుకు రానిస్తారు. మన టెస్టు ట్రాక్ మీద కాసేపట్లో అయిపోతుంది. మిగతా గంటలు ఇంట్లోవాళ్లే పెట్టాలి. తెల్లవారుజామున తిరుచానూరు రోడ్డులో మొదలుపెట్టండి. అలవాటయ్యాక లారీలు తిరిగే రేణిగుంట రోడ్డు, ఆ తర్వాత వాన, రాత్రి. ఘాట్లు అన్నిటికన్నా చివర. తిరుమల నుంచి దిగుతున్నా, భాకరాపేట కనుమ దిగుతున్నా ఎక్కడానికి ఏ గేరు పట్టిందో దిగడానికీ అదే గేరు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలితే బ్రేకుల మీదే భారమంతా పడి, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. కారు కదులుతున్నప్పుడు అవసరమైన ఒక్క మాటే చెప్పండి, తిట్లన్నీ ఇంటికొచ్చి బండి ఆపాక. ఇంకొకటి, మొదటి ఆరు నెలలు కారు నిండా స్నేహితులను ఎక్కించుకోకూడదని మీరే వాడితో ఒప్పందం చేసుకోండి.

అమ్మా, ఇవాళ రాత్రి భోజనాలయ్యాక ఆయన్ను కారు దగ్గరికి తీసుకెళ్లండి. సెల్ లైట్ అబ్బాయినే పట్టుకోమనండి, గీత సంగతి వాడినే చెప్పమనండి. చంద్రగిరి సంగతి మాత్రం మీరే చెప్పాలి, ఆ తప్పు మీది. ఆయన అరుస్తారు, అరవనివ్వండి. మధ్యలో మీరు వాడి తరఫున మాట్లాడకండి. పొద్దున పెయింట్ షెడ్డుకు కారు వాడే నడుపుతాడు, పక్కన ఆయన కూర్చుంటారు. మీరు ఇంట్లోనే ఉండిపోండి.