మీ హెడ్మాస్టరును ఆ కుర్చీలోంచి లేపు

నాయనా,

నువ్వు పంపిన కథ అందింది. పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివి పక్కన పడేసిన తీరు చూసి మా ఆవిడ "ఏం, కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందా?" అని అడిగింది. మరి కోపం రాదా? నీ కథలో హెడ్మాస్టరు రిటైరైన మరుసటి రోజు పొద్దున పడక కుర్చీలో కూలబడ్డాడు, మళ్లీ లేచింది పదో పేజీలో, అదీ వృద్ధాశ్రమానికి ఆటో ఎక్కడానికి. ఈలోగా వేపచెట్టును చూశాడు, గేటును చూశాడు, అమెరికా కొడుకు ఫోన్ కోసం చూశాడు, "కాలం గడవడం లేదు" అని ఐదుసార్లు అనుకున్నాడు. లెక్కపెట్టాను, కడప ట్రెజరీలో, అంటే సర్కారు జీతాలు, పెన్షన్లు చూసే ఆఫీసులో, పనిచేసిన బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఆ మనిషికి పెన్షన్ ఎంత వస్తుందో నీకు తెలుసా? కథలో లేదు కాబట్టి అడుగుతున్నాను. కమ్యుటేషన్ చేశాడా? అంటే పెన్షన్‌లో నూటికి నలభై వంతుల దాకా ప్రభుత్వానికి అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకోవడం. తీసుకుని ఏం చేశాడు, కూతురి పెళ్లా, రిమ్స్ ఆసుపత్రి దారిలో ప్లాటా, కొడుకు వీసా ఖర్చా? ఆ కోత పదిహేనేళ్లు ఉంటుంది, తర్వాత పెన్షన్ పూర్తిగా వస్తుంది. ఆ నెల ఏదో, ఏ సంవత్సరమో రిటైరైన ప్రతి గుమాస్తాకూ నోటికి ఉంటుంది. నాకు 2029. అప్పటిదాకా ఉంటానా అని మా ఆవిడను ఆటపట్టిస్తుంటాను, ఆమె మాత్రం ఆ డబ్బుతో వంటింటికి కొత్త గట్టు వేయించాలని ఇప్పటికే కొలతలు తీసి పెట్టింది. మీ హెడ్మాస్టరుకు ఇలాంటి తేదీ ఒకటి ఇచ్చి చూడు, కుర్చీలో కుదురుగా కూర్చోడు.

నా సంగతి చెబుతాను, విను. మా అమ్మ లెక్కన నేను ఆషాఢంలో, ముసురు పట్టిన రోజు పుట్టాను. బళ్లో వేసేటప్పుడు అయ్యవారు ఆషాఢమంటే ఇంగ్లీషులో ఏ నెలో వేళ్ల మీద లెక్కపెట్టబోయి, విసుగొచ్చి, మే నెల రాసేశాడు. యాభై ఎనిమిదేళ్లు ఆ మే నెల నన్నేమీ చేయలేదు. 2014 మే 31న దండ వేసి, శాలువా కప్పి పంపించారు. ఆ సంవత్సరమే రిటైర్‌మెంట్ వయసును అరవైకి పెంచుతూ చట్టం వచ్చింది, జూన్ 2 నుంచి వర్తిస్తుందన్నారు. రెండు రోజులు! నా తర్వాతి నెలలో పుట్టినవాడు ఇంకా రెండేళ్లు అదే సీట్లో కూర్చుని టీ తాగాడు. ఇప్పుడు అరవై రెండంట. ఆ అయ్యవారు బతికుంటే వెళ్లి దండం పెట్టి మరీ తిట్టేవాణ్ణి.

మొదటి రెండు నెలలు నేనూ తిరిగాను, కాదనను. పదిన్నరకల్లా ఆఫీసు ముందు ఉండేవాణ్ణి. ఒకసారి టీ ఇప్పించారు, రెండోసారీ ఇప్పించారు, మూడోసారి నా సీట్లో కూర్చున్న కుర్రాడు తలెత్తకుండానే "చెప్పండి, ఏం పని మీద వచ్చారు?" అన్నాడు. పని మీద రాలేదు, ఏం చెప్పను? ఆ రోజు ఏడురోడ్ల దగ్గర కారం దోశ రెండు తిని, కడుపులో మంటతో ఇంటికొచ్చాను.

అప్పుడు రాజంపేట వైపు నుంచి ఒకామె వచ్చింది. భర్త అటెండరుగా చేసి పోయాడు, ఫ్యామిలీ పెన్షన్ రావడం లేదు. కాగితాలన్నీ ఎరువుల సంచిలో పెట్టి ఆయన పాత బెల్టుతో కట్టి తెచ్చింది. భర్త రికార్డులో ఆమె లక్ష్మీదేవి, ఆధార్‌లో లక్షుమ్మ. ఇద్దరూ ఒకటేనని రుజువు చేయాలి. "నేనే గదా సామీ, ఇంగెవురు?" అంటుంది. ఆమె అన్నది నిజమే, కానీ కాగితం ఒప్పుకోవాలి కదా. అఫిడవిట్టని, తహశీల్దారు సర్టిఫికెట్టని ఏడు వారాలు తిరిగాం. డబ్బు పడిన రోజు అరటి గెల భుజాన వేసుకుని వచ్చింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నా అరుగు మీద ఎవరో ఒకరు అప్లికేషన్ పట్టుకుని కూర్చునే ఉంటారు, మధ్యాహ్నం కునుకు తీయడానికి మా ఆవిడ సిఫారసు కావాలి.

ఇది గొప్ప చెప్పుకోవడం కాదు. నువ్వు మా చేతుల్ని చూడలేదని నా ఫిర్యాదు. రిటైరైన మనిషి కథ రాయాలంటే ముందు అతని చేతులు ఏం చేస్తున్నాయో రాయి, మనసు సంగతి తర్వాత. చెన్నూరు నుంచి ఒకాయన లైఫ్ సర్టిఫికెట్ కోసం, అంటే పెన్షన్ ఆగకుండా తాను బతికే ఉన్నానని ఏటా చూపించే కాగితం కోసం, వచ్చేవాడు, రిటైరయ్యాక తమలపాకు తోట కౌలుకు తీసుకున్నాడు. ఆకు గిల్లి గిల్లి బొటనవేలు నున్నగా అరిగిపోయింది. వేలిముద్ర మిషన్ మీద ఎన్నిసార్లు పెట్టినా పడదు. "నా యేలు నాది కాదంటాంది సార్ ఈ మిషను" అని ఒకటే నవ్వు. కొబ్బరి నూనె రాసి తుడిచి పెట్టాం, పడలేదు. ఎడమ చేతి ఉంగరం వేలికి పడింది. బతికున్నాడని ఒప్పుకోవడానికి ఆ ఒక్క వేలు మిగిలింది.

మన ఊళ్లోనే చూడు. యర్రముక్కపల్లెలో, తెలుగు నిఘంటువు చేసిన సి.పి. బ్రౌన్ దొర బంగళా ఉన్న చోట ఇప్పుడు లైబ్రరీ ఉందంటే, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఉద్యోగ విరమణ తర్వాత ఎన్నో ఏళ్లు దాని మీద పెట్టారు, చందాల కోసం గడప గడపా ఎక్కారు. బ్రౌన్ మాత్రం? 1855లో మన దేశం నుంచి లండన్ వెళ్లిపోయి ఊరుకోలేదు, పదేళ్ల తర్వాత అక్కడ తెలుగు చెప్పడానికి కూర్చున్నాడు. ఒంటిమిట్ట గుడి కోసం వావిలికొలను సుబ్బారావుగారు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పండిత ఉద్యోగం అయ్యాక టెంకాయ చిప్ప పట్టుకుని భిక్షకు బయలుదేరాడు. నేను గుడి కట్టమనడం లేదు. మీ హెడ్మాస్టరు చేతికి కనీసం ఒక చిప్ప ఇవ్వు.

నీ తప్పు కూడా పూర్తిగా కాదులే. పత్రికలవాళ్లు అలవాటు చేశారు. నేను ఉద్యోగంలో ఉండగానే పెన్షనర్ల క్యూ మీద కథ పంపితే ఒక ఎడిటరు "కడప నుంచి రాస్తూ కరువు లేదేమిటి, కక్షలైనా లేవేమిటి" అని కార్డు రాశాడు. ఇంకొకాయన వేసుకున్నాడు కానీ నా కథలో క్యూలోంచి డబ్బు తీసుకుని బజారుకు పోయిన ముసలాయన్ని ప్రింటులో గుండె ఆగి చంపేశాడు. నన్ను అడగనైనా లేదు. నూటయాభై రూపాయల మనీయార్డరు మాత్రం వచ్చింది, మా ఆవిడ దాంతో స్టీలు బక్కెట కొంది, అది ఇంకా ఉంది. ఉగాది పోటీలకు ఇప్పటికీ వృద్ధాశ్రమాలే గెలుస్తున్నాయని విన్నాను. గెలవనీ.

ఒక్కటి బాగుంది. నాలుగో పేజీలో పక్కింటి పిల్లాడి నోట్‌బుక్ తీసుకుని, ఎవరూ అడగకుండానే తప్పు దిద్దబోతాడు, ఎర్ర పెన్ను ఎండిపోయి ఉంటుంది, విదిలిస్తాడు. రెండోసారి అక్కడ ఆగిపోయాను. అది నువ్వు చూసి రాసిందే, మిగతాది ఎక్కడో చదివి రాసింది. ఆ పెన్నుకు రీఫిల్ కోసం ఆయన్ని కొట్టుకు పంపు. ఆ కొట్లో ఎవరు కలుస్తారో, ఆ పిల్లాడి వాళ్లమ్మ ఏమంటుందో, ట్యూషన్ చెప్పమంటుందో, మా వాడి పుస్తకం పాడుచేశారని కసురుతుందో నాకు తెలియదు, తెలుసుకోవాలని ఉంది. కొడుకు ఫోన్ చేసినప్పుడు ఈయన ఇంట్లో లేకపోతే ఇంకా మంచిది.

కలం పేరు గురించి ఏదో అడిగావు, తర్వాత చూద్దాం. ఏ పత్రికకు పంపాలో నన్ను అడగొద్దు, పైన చెప్పిందంతా చదివావు కదా.

వచ్చే ఒకటో తేదీ తొమ్మిదింటికి మా ఇంటికి రా, కలిసి బ్యాంకుకు పోదాం. సాయంత్రం దాకా అక్కడే ఉండేలా రా. పెన్నులు రెండు తెచ్చుకో, ఒకటి ఎవరో అడుగుతారు, తిరిగివ్వరు.

ఆశీస్సులతో,
మీ సారు