గేమ్ కొన్నాక మళ్లీ డబ్బులెందుకు?

ప్రశ్న: పూర్తి ధర పెట్టి గేమ్ కొన్నాను. మొదటిరోజే మెనూలో రెండు మిషన్లు (ఆటలో పూర్తిచేయాల్సిన ఘట్టాలు), పాత్రలకు వేసే నాలుగైదు డ్రెస్సులు తాళం గుర్తుతో కనిపించాయి. వాటికి విడిగా కట్టాలట. ఇది దోపిడీ కాదా? కొనకపోతే నా దగ్గరున్నది సగం గేమేనా?

జవాబు: డ్రెస్సుల సంగతి వదిలేయండి, అవి లేకపోయినా ఆటకు లోటేమీ లేదు. 2006లో 'ఆబ్లివియన్' గేమ్‌లో గుర్రానికి తొడిగే కవచాన్ని రెండున్నర డాలర్లకు అమ్మితే జనం పడీపడీ నవ్వారు. ఇప్పుడు అలాంటివి మామూలైపోయాయి. నేనూ ఒకసారి ఓ మెరిసే కత్తి కొన్నాను. గంట తిరక్కుండానే ఆటలో అంతకన్నా మంచి కత్తి ఉచితంగా దొరికింది!

మిషన్ల విషయం వేరు. మొదటిరోజే అమ్మినంత మాత్రాన అసలు ఆటలోంచి కోసి తీశారని చెప్పలేం. గేమ్ పూర్తయ్యాక పరీక్షలకు, డిస్కుల తయారీకి కొన్ని వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో అదనపు మిషన్ల మీద పనిచేసే టీములుంటాయి. అనుమానముంటే ఆ డీఎల్‌సీ (గేమ్‌కు అదనంగా డౌన్‌లోడ్ చేసుకునే సరుకు) డౌన్‌లోడ్ సైజు చూడండి. మిషన్ అంటున్నారు, సైజేమో కొన్ని కేబీలే ఉంది... అంటే సరుకు ముందే మీ మెషిన్‌లో ఉందన్నమాట, మీరు కొంటున్నది తాళంచెవి. 2012లో 'స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్' డిస్కులోనే 12 మంది ఫైటర్లను పెట్టి, తర్వాత డబ్బు కట్టి తెరుచుకోమన్నారు. కొన్నవాళ్లకు ఒళ్లు మండదా మరి? (ఆన్‌లైన్ గేముల్లో డ్రెస్సులకు ఈ లెక్క పనికిరాదు. ఎదుటివాడి డ్రెస్సు మీ తెరమీద కనపడాలంటే ఆ ఫైలు మీ దగ్గరా ఉండాల్సిందే.)

డబ్బుకు తగిన డీఎల్‌సీలూ ఉన్నాయి. 'ది విచర్ 3'కి చిన్నాచితకా 16 ఉచితంగా ఇచ్చి, 2016లో 'బ్లడ్ అండ్ వైన్' పేరుతో కొత్త ప్రాంతాన్ని, కొత్త కథను అమ్మారు. దాన్నెవరూ తప్పుపట్టలేదు.

నాకు చిరాకు తెప్పించేది, డబ్బు కట్టించడం కోసమే ఆటను సాగదీయడం. 2017లో 'స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2'లో డార్త్ వేడర్ పాత్రను తెరవడానికి 60,000 క్రెడిట్లు (ఆటలో చెల్లే నాణేలు) కావాలన్నారు. ఆడి సంపాదించాలంటే గంటలకు గంటలు పట్టేది. గొడవ ముదిరాక ఆ లెక్కను 15,000కు దించారు, విడుదలకు ముందే ఆటలో డబ్బుతో కొనడాన్నీ ఆపేశారు. లోపలేముందో తెలియని లూట్ బాక్సులైతే అచ్చం లాటరీయే. 2018లో బెల్జియం వాటిని జూదం కిందే లెక్కగట్టింది.

మీరు మాత్రం ముందు గేమ్ పూర్తిచేయండి. కథ ముగిశాక కూడా ఆ మిషన్లు ఆడాలనిపిస్తే, సేల్ పెట్టినప్పుడు తీసుకోండి. డిస్కు కొన్నవారైతే దాని రీజియన్ (ఏ ప్రాంతం కోసం తయారైందో), మీ ఖాతా రీజియన్ ఒకటేనా చూసుకోండి. తేడా ఉంటే కొన్న డీఎల్‌సీ పనిచేయకపోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి నా ఫోన్‌లో గేమ్ ఆడుతూ కాయిన్లు కొనేస్తున్నాడు. ఆపేదెలా?

జవాబు: ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా పెట్టండి. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్‌లోకి వెళ్లి ఇన్-యాప్ పర్చేజెస్ ఆపేయొచ్చు. అన్నట్టు, ఫోన్‌లో నమోదైన వేలిముద్రల్లో మీవాడిది కూడా ఉందేమో ముందు చూడండి.